ఇస్త్రీ మాస్టారు తుడిచిన మసి

ఆ పత్రికాఫీసులో అతన్ని అందరూ ఇస్త్రీ మాస్టారు అనేవారు. మొదట ఎవరో ఫొటోగ్రాఫర్ వెటకారానికి అన్నమాట, తర్వాత అదే స్థిరపడిపోయింది. బయటినుంచి వచ్చిన ఫొటోలన్నీ పేజీలోకి ఎక్కే ముందు అతని కంప్యూటర్ మీదుగా వెళ్లాలి. చీకటిగా ఉన్నదాన్ని కాస్త వెలుగులోకి తేవడం, ఓ పక్కకి ఒరిగినదాన్ని నిటారుగా నిలబెట్టడం, లెన్సు మీది దుమ్ము వల్ల పడ్డ చుక్కల్ని చెరిపెయ్యడం అతని పని. "ఇస్త్రీకి పడేశావా?" అని డెస్కువాళ్లు అడిగేవారు. "పడేశాను, మడతలు పోయి వస్తుంది" అనేవారు ఫొటోగ్రాఫర్లు. ఆ పేరంటే అతనికి కోపం లేదు. పైగా లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఈ విద్య అతనికి అబ్బింది ఓ చిన్న స్టూడియోలో. అక్కడ మొటిమలు తీసేవాడు, మెల్లకన్ను సరిచేసేవాడు, ఏనాడూ కోటు మొహం చూడని ముసలాయనకి పోయాక కోటు తొడిగేవాడు. అక్కడ అబద్ధానికి గిరాకీ ఉండేది. డబ్బిచ్చి మరీ చేయించుకునేవారు, చేయించుకుని సంతోషంగా వెళ్లేవారు. పత్రికలో చేరినరోజు మాత్రం గోడకి అంటించిన కాగితం ఒకటి చూపించారు. ఫొటోలో లేనిది పెట్టకూడదు, ఉన్నది తియ్యకూడదు అని రాసుంది దాని మీద. అతను ఆ మాటని మనసా వాచా నమ్మాడు. ఓ పెద్దమనిషి బట్టతల మీద నాలుగు వెంట్రుకలు పెట్టమని పైనుంచి ఫోనొస్తే "కుదరదండీ" అని పెట్టేసిన మనిషి అతను. దుమ్ము తియ్యడం మాత్రం ఆ కాగితం కిందికి రాదని అతనూ అనుకున్నాడు, ఆఫీసూ అనుకుంది. కిటికీ అద్దం తుడిస్తే బయటి వీధి మారిపోతుందా అనేవాడు. వినడానికి బాగానే ఉండేది.

పని చెయ్యడంలో అతనికో పద్ధతి ఉంది. ఫొటో తెరవగానే అదేమిటో చూసేవాడు కాదు. బాగా పెద్దది చేసి, ఎడమవైపు పైమూల నుంచి మొదలుపెట్టి, వాకిలి ఊడ్చినట్టు వరసగా కిందిదాకా వచ్చేవాడు. అంత దగ్గరగా చూస్తే మనిషి మొహమైనా గోడైనా ఒకటే. చుక్క కనిపిస్తే నొక్కుతాడు, పక్కనున్న రంగు వచ్చి చుక్కని కప్పేస్తుంది. అదే అతనికి తెలిసిన ప్రపంచం. వార్త చదివే అలవాటు అసలే లేదు. "చదివితే చెయ్యి ఆగుతుందండీ" అనేవాడు. ఆగాల్సిన చోట ఆగడానికే చదవాలని అతనికి ఎవరూ చెప్పలేదు, తనకీ తోచలేదు.

ఓ సాయంత్రం, పేజీలు అచ్చుకి వెళ్లిపోయే హడావుడిలో, ఫొటోగ్రాఫర్ అమ్మాయి పంపిన బొమ్మ ఒకటి వచ్చింది. తెరిచి పెద్దది చేస్తే పైనంతా నల్లటి చుక్కలే. "ఈ పిల్ల లెన్సు తుడిచి ఎన్నాళ్లయిందో" అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ఊడ్చాడు. కింద ఏదో తెల్లగుడ్డ ఉంది, దాని మీదా చుక్కలున్నాయి, అవీ పోయాయి. మామూలుకంటే ఎక్కువసేపే పట్టింది. పంపించేసి, మెడ విరుచుకుని, టీ తాగడానికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. తల్లి పోయాక అతన్ని ఎత్తుకు పెంచిన అక్క. ఊరి చివర ఇనుము కరిగించే ఫ్యాక్టరీ పక్కన, కాలనీలో ఉంటుంది. తెల్లారుజామున ఆ కొలిమి తెరిచినప్పుడల్లా కాలనీ మీద మసి రాలేది. బట్టల మీద, గిన్నెల మీద, పడుకున్నవాళ్ల మొహాల మీద. బావకి దగ్గు పట్టుకుని వదలడం లేదు. కాలనీ తరఫున అక్కే ముందుండి కాలుష్య నియంత్రణ అధికారులకి ఫిర్యాదు పెట్టింది. ఫ్యాక్టరీ వాళ్లు మసి అన్నదే లేదన్నారు. విచారణ దగ్గర పడింది.

"ఒరేయ్, పేపరు చూశావా?"

"ఇంకా లేదక్కా. ఏమిటి?"

"నా ఫొటో పడింది. డాబా మీద దుప్పటి దులుపుతున్నాను, వెనకనుంచి తీసింది మీ ఆఫీసు ఫొటోగ్రాఫర్ అమ్మాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీ చేతిమీదుగానే వెళ్తుంది కదా, గుర్తుపట్టి నువ్వే ఫోన్ చేస్తావని ఊరుకున్నా. మసి ఏదిరా?"

"మసేమిటి?"

"ఆకాశం నిండా మసి రాలుతుంటే తీసింది. కెమెరాలో నాకు చూపించింది కూడా. పేపర్లో చూస్తే ఒక్క నలుసు లేదు. దుప్పటి తళతళా మెరిసిపోతోంది. ఏ సబ్బు వాడతావని ఫోన్లు చేస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు."

అతను ఫోన్ పెట్టేసి వీధిలోకి పరిగెత్తాడు. పేపరు తెచ్చి చూశాడు. పైన పెద్ద అక్షరాలతో 'మసి వానలో కాలనీ' అని ఉంది. కింద నిర్మలమైన ఆకాశం, మల్లెపువ్వులాంటి దుప్పటి, ఆ దుప్పటి పట్టుకుని అక్క. ఆ వీపు మీద ఎక్కి పెరిగినవాడు అతను. ఆ వీపు మీది చుక్కల్ని కూడా తనే ఏరేశాడు, అది ఎవరి వీపో చూడలేదు. సిగ్గుతో చితికిపోయాడు. మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ మేనేజరు ఆ పేజీ కత్తిరించి గేటుకి అంటించాడు.

ఆఫీసులో ఫొటోగ్రాఫర్ అమ్మాయి అతని బల్ల దగ్గరే నిలబడి ఉంది.

"మాస్టారూ, నేను వెళ్లింది ఆ మసి కోసమే. మీరు దానికి ఇస్త్రీ చేసేశారు."

"దుమ్మనుకున్నానమ్మా."

"ఒక్కమాట అడగొచ్చు కదా?"

అడగొచ్చు. ఇన్నేళ్లలో ఏ ఫొటో గురించీ, ఎవర్నీ, ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. డెస్క్ ఇన్‌ఛార్జి మాత్రం తొణకలేదు. అసలు ఫొటో మళ్లీ వేద్దామన్నాడు, 'సాంకేతిక కారణాల వల్ల నిన్న స్పష్టంగా రాలేదు' అని కింద ఓ ముక్క వేద్దామన్నాడు.

"సాంకేతిక కారణం కాదండీ, నేను. నేనే చెరిపానని వెయ్యండి."

"వేస్తే రేపటినుంచి మన ఫొటోని ఎవడు నమ్ముతాడయ్యా? నీ మంచికే చెబుతున్నాను, ఊరుకో."

అతను ఊరుకున్నాడు. అది రెండో తప్పు, ఈసారి చూస్తూ చూస్తూ చేసింది. మర్నాడు మసితో సహా ఫొటో వచ్చింది. మేనేజరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. నిన్న లేని మసి ఇవాళ ఎక్కడినుంచి ఊడిపడిందని అందరి ముందూ అడిగాడు. అడగడమే కాదు, ఆరా కూడా తీశాడు. ఆ పత్రికలో ఫొటోలు దిద్దేది ఫిర్యాదు పెట్టినావిడ సొంత తమ్ముడేనని తేల్చాడు. అక్కాతమ్ముళ్లు కలిసి కట్టిన కథ అన్నాడు. పేపరు చదివేవాళ్లకి అది అచ్చంగా నిజంలా వినిపించింది. కాలనీలోనే ఒకరిద్దరు అక్కని అదోలా చూడటం మొదలుపెట్టారు.

విచారణకి అతను ఆఫీసులో చెప్పకుండా వెళ్లాడు. అది ఓ పాత హాలు, వరసగా ఇనప కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను. అక్క ముందు వరసలో కూర్చుంది. అతను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మసి ఉన్న ఫొటోయే అసలుదని, దాన్ని తుడిచింది తనేనని, పత్రిక చెప్పిన సాంకేతిక కారణం వట్టిదని చెప్పాడు. అధికారి శ్రద్ధగా విన్నాడు. మేనేజరు లేచాడు.

"తియ్యగలిగినవాళ్లు పెట్టనూ గలరు కదండీ?"

"గలను."

"ఈ మసి మీరు పెట్టలేదని ఎలా నమ్మాలి? కెమెరాలో ఉందా?"

లేదు. ఫొటోలు ఆఫీసుకి పంపగానే కార్డు ఖాళీ చేసి వాడుకోవడం అక్కడందరి అలవాటు. అసలు ఫొటో మిగిలింది ఇతని కంప్యూటర్లోనే. ఆ మాటే చెప్పాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి అప్పుడు తనే ఓ ప్రశ్న అడిగాడు, కోపంగా కాదు, తెలుసుకుందామనే.

"ఇంతకుముందు ఫొటోల్లో కూడా ఇలా చుక్కలు తీసేవారా?"

"తీసేవాణ్ణండి. అన్నిట్లోనూ."

"అవి దుమ్మేనని మీకెలా తెలుసు?"

అతనికి కాలువగట్టు తెగినప్పటి ఫొటోలు గుర్తొచ్చాయి, ఆటస్థలంలో తొక్కిసలాట ఫొటోలు గుర్తొచ్చాయి. వాటిల్లో ఏం ఊడ్చాడో గుర్తు రాలేదు.

"తెలీదండీ" అన్నాడు.

రెండు ఫొటోలూ పక్కన పెట్టేస్తున్నానన్నాడు అధికారి. శుభ్రంగా ఉన్నదీ లెక్కలోకి రాదు, మసి ఉన్నదీ రాదు. వచ్చేవారం తనే కాలనీకి వచ్చి కళ్లారా చూస్తానన్నాడు. అంతకంటే న్యాయం ఏముంటుందని అందరూ తలలూపారు. మేనేజరు అందరికంటే ఎక్కువ ఊపాడు.

ఆఫీసు అతన్ని కొన్నాళ్లు సెలవు తీసుకోమంది. అక్క ఇంటికి వెళ్లి ఉన్నాడు. ఆ వారమంతా కొలిమి తెరవనే లేదు. మరమ్మతులట. అధికారి చెప్పినట్టే తెల్లారకముందే వచ్చి, అక్క డాబా మీద నిలబడి, చల్లగాలి పీల్చి, చూసింది చూసినట్టు రాసుకుని వెళ్లిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. అక్క మెట్లదాకా సాగనంపి వచ్చి కూర్చుంది.

"ఈసారి నీకు శ్రమ లేకుండా వాళ్లే తుడిచేశారురా" అంది. ఎత్తిపొడుపేమీ లేదు ఆ గొంతులో, అలసట మాత్రం ఉంది. లోపల బావ దగ్గుతూనే ఉన్నాడు.

మర్నాడు తెల్లారుజామున కొలిమి తెరుచుకుంది. ఇద్దరూ డాబా మీదే ఉన్నారు. మసి ముందు ఒకటీ అరా, తర్వాత గుంపులుగా దిగింది, ఆరేసిన బట్టల మీద, అక్క జుట్టు మీద, అతని చేతుల మీద. ఇన్నాళ్లూ అతను చుక్కలని పిలిచినవాటిని మొదటిసారి పూర్తి ఆకాశంతో కలిపి చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తాడు.

"నువ్వు తియ్యకురా" అంది అక్క. "నువ్వు తీశావంటే ఇంక ఎవరూ నమ్మరు."

ఫోన్ దించాడు. గబగబా మెట్లు దిగి పక్కింటి తలుపు బాదాడు. పక్కింటాయన కళ్లు నులుముకుంటూ వచ్చి తలుపు తీశాడు.

"మీ ఫోన్ తీసుకుని రండి బాబూ, త్వరగా" అన్నాడు ఇస్త్రీ మాస్టారు. "మీరే తియ్యాలి. మీ దగ్గరే ఉంచుకోవాలి. నేను ముట్టుకోను."