కుక్కర్లో అత్తగారు

మా అక్కని మా బావకిచ్చి పెళ్ళి చేసినప్పుడు మా అమ్మ, "పిల్లాడు నోట్లో వేలు పెట్టినా కొరకలేడు" అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ పిల్లాడే తనని కుక్కర్లో పెట్టి ఉడకబెడతాడని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు.

బావా నేనూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. వంటింటి గట్లకీ, బల్లలకీ, అల్మారా తలుపులకీ అతికించే లామినేట్ షీట్లు తయారుచేస్తాం. నేను షీట్లు కోసే మిషన్ దగ్గర ఉంటాను. ఆ షీట్ల మీద డిజైన్లు అచ్చేసే సిరా కనిపెట్టడం బావ పని. అది మామూలు సిరా కాదు, గాలికి ఆరదు. యూవీ దీపం కింద పెడితే రెప్పపాటులో గట్టిపడి కూర్చుంటుంది. ఎండ తగిలినా గట్టిపడుతుంది కాబట్టి సిరా గది కిటికీలకి పసుపు రంగు కాగితం అంటించాడు బావ. ఆ వెలుగులో ఎవరిని చూసినా కామెర్లొచ్చినట్టే ఉంటారు. బావకి ఆ గదే స్వర్గం.

ఏం లాభం? నీళ్ళలో ఉడికిస్తే ఆ రంగు ఊడొచ్చేది. వంటింటి గట్టు మీద పరిచే షీటు వేడినీళ్ళకే ఊడితే ఇంకెందుకు?

అచ్చు ఎలా పడుతోందో చూసుకోవడానికి బావకి ఒక ఫొటో కావాలి. అందులో లేత రంగులు, ముదురు రంగులు, సన్న గీతలు అన్నీ ఉండాలి. అతని ఫోన్లో అలాంటి ఫొటో ఒక్కటే దొరికింది. అది మా అమ్మది. సగం నెరిసిన జుట్టు, నల్ల ఫ్రేము కళ్ళద్దాలు, బుగ్గ మీద పుట్టుమచ్చ, నుదుటి నిండా ముడతలు, ఫొటో తీస్తున్నవాడి మీద కోపంతో కందిన మొహం. "ఒక్క మనిషిలో ఇన్ని షేడ్లు దొరకడం నా అదృష్టంరా" అన్నాడు బావ. ఆ మనిషికి వెటకారం చేతకాదు, నిజంగానే అన్నాడు.

ఇక మా అమ్మ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆవిడ మొహం మీద నిమ్మరసం పోశారు, ఇనప పీచుతో తోమారు, బ్లేడుతో గళ్ళు గీసి టేపు అంటించి లాగారు. యజమాని రోజూ సిరా గదిలోకి తొంగిచూసి, "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు. "బుగ్గలు బాగానే ఉన్నాయండీ, ముక్కే ఊడుతోంది" అనేవాడు బావ.

ఇంతలో ఫ్యాక్టరీలో షీటు ముక్కలు ఉడికించే పాత్ర పాడైంది. యజమాని పిసినారి, కొత్తది కొననన్నాడు. బావ ముక్కల్ని ఇంటికి తెచ్చి అక్క కుక్కర్లో పడేశాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో విజిల్ వినపడగానే కంచాలు పెట్టేసుకోవడానికి లేదు. ముందు మూత తీసి, ఉడికింది అన్నమో అత్తగారో చూసుకోవాలి. అక్క తిట్టీ తిట్టీ అలిసిపోయి ఇంకో కుక్కర్ తెచ్చుకుంది. బావ అందులోనూ పెట్టాడు.

అప్పుడు యజమాని బాంబు పేల్చాడు. ఆసుపత్రులకి బల్లలు, అల్మారాలు చేసే కంపెనీ మేడమ్ షీటు చూడ్డానికి వస్తోందట. "ఆవిడ ముందు రంగు ఊడిందంటే సిరా గదికి తాళమే. సిరా బయట కొనుక్కుంటాను. నువ్వు జిగురు సెక్షన్‌కి పో" అన్నాడు. అన్నేళ్ళూ బావని ఆటపట్టించినవాణ్ణే నేను. కానీ ఆ వారమంతా అతను కంచం ముందు కూర్చోవడం, మెతుకు ముట్టకుండా లేచిపోవడం చూసి ఆటపట్టించడం మానేశాను. ఆ పసుపు గది లేకపోతే అతను బతకడు.

సరిగ్గా ఆ వారమే మా అమ్మ కూతుర్ని చూడ్డానికి వచ్చింది. నేనూ భోజనానికి వెళ్ళాను. వంటింట్లో విజిల్ కూసింది. "మీరంతా కూర్చోండి, నేను వడ్డిస్తాను" అని అమ్మ వెళ్ళింది. అక్క "అమ్మా, ఆ కుక్కర్ కాదే!" అని లేచేలోపే మూత తీసిన చప్పుడైంది.

అమ్మ పట్టకారుతో ఒక ముక్క పట్టుకుని బయటికొచ్చింది. దాని మీద నుంచి పొగలు కక్కుతూ తనే చూస్తోంది.

"ఏమయ్యా అల్లుడూ, ఇది నేనేనా?"

"మీరే అత్తయ్యా" అన్నాడు బావ, పిల్లిలా ఒదిగిపోయి.

"ఉడకబెడితే ఉడకబెట్టావు. నా ముక్కేదీ?"

"ఊడిందండీ."

"ముక్కొక్కటేనా? కళ్ళద్దాలు పోయాయి, పుట్టుమచ్చ పోయింది. నెత్తి మీద మిగిలిన నాలుగు నల్ల వెంట్రుకలూ ఊడగొట్టావు. తెల్లజుట్టు మాత్రం ఒక్కటి రాలలేదు! నేనంటే ఎంత కక్షయ్యా నీకు?"

బావ చేతిలో గ్లాసు కింద పెట్టేసి, ముక్కని లాక్కుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. "నల్లవే! ఊడినవన్నీ నల్లవే!" అని కేకలు. అమ్మ అక్క వైపు తిరిగి, "ఎప్పట్నుంచే ఇలా?" అంది.

పాపం, ఇన్నాళ్ళూ అతను సిరాలో కలిపే మందులు మారుస్తూ కూర్చున్నాడు. అసలు తప్పు అక్కడ లేదు. నలుపు పడే చోట సిరా దట్టంగా పడుతుంది. పైగా నలుపు దీపపు వెలుగుని మింగేస్తుంది, అడుగుదాకా పోనివ్వదు. పైన గట్టిపడుతోంది, కింద పచ్చిగా ఉండిపోతోంది. వేడినీళ్ళు తగలగానే మొత్తం పొరలా లేచొస్తోంది. కళ్ళద్దాల నలుపు లేస్తూ లేస్తూ దాన్ని ఆనుకున్న ముక్కునీ లాక్కుపోతోంది. బావ అన్నం కూడా తినకుండా ఫ్యాక్టరీకి పరిగెత్తాడు. నలుపుని ఒకేసారి కుమ్మరించకుండా పల్చటి పొరలుగా వేశాడు, ప్రతి పొరనీ దీపం కింద నడిపించాడు.

మేడమ్ వచ్చే రోజున అమ్మ కూడా ఫ్యాక్టరీకి బయల్దేరింది. "ఉడికేది నేను, చూడ్డానికి మీరా?" అంది. ఎవరు ఆపగలరు?

మేడమ్ నవ్వే రకం కాదు. మరుగుతున్న నీళ్ళలోంచి షీటు తీయించి, తుడిచి, సంచిలోంచి తన సొంత బ్లేడు తీసి బుగ్గ మీద గళ్ళు గీసింది. అమ్మ "అబ్బా" అని చెంప పట్టుకుంది. పుట్టుమచ్చ మీద టేపు అంటించి, గోటితో రుద్ది, సర్రున లాగింది. బావ కళ్ళు మూసుకున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది.

టేపు తెల్లగా ఉంది. పుట్టుమచ్చ ఎక్కడిదక్కడే ఉంది. బావ ఉన్నచోటే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గేముంది?

"షీటు బాగుంది, తీసుకుంటాం" అంది మేడమ్. "కానీ చెక్క డిజైన్ వేసివ్వండి. ఈ మొహం వద్దు. పేషెంట్లు జడుసుకుంటారు."

అమ్మ మొహం మాడిపోయింది. యజమాని "అలాగే మేడమ్, అలాగే" అని చేతులు నలుపుతున్నాడు. బావ కళ్ళు తుడుచుకుని లేచాడు. జన్మలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు.

"చెక్కే వేసిస్తానండీ" అన్నాడు. "కానీ ప్రతి లాటులోనూ ముందు మా అత్తగారు ఉడకాలి. ఆవిడ నిలబడితేనే సరుకు గేటు దాటుతుంది. ఆవిణ్ణి మించిన పరీక్ష నా దగ్గర లేదు."

మేడమ్ షీటు వంక చూసింది, అమ్మ వంక చూసింది, "సరే" అని ఆర్డరు మీద సంతకం పెట్టింది. అమ్మ గొంతు సవరించుకుని, గదిలో అందరికీ వినపడేలా, "మా అల్లుడు" అంది.