నమ్మను, చూపించు

డాక్టర్ అనంతలక్ష్మి గారికి ఉన్న గుణం ఒక్కటే. ఆవిడ ఎవరినీ నమ్మదు. కూరలబండి అతను టమాటాలు తాజావంటే "నమ్మను, చూపించు" అని ఒకటి కోయించేది. పొగలు కక్కుతున్న లోచో, అదే ఇక్కడి శనగపిండి టిఫిను, ప్లేటులో పెట్టి చేతికిచ్చి వేడిగా ఉందంటే వేలు పెట్టి చూసి, కాలాక గానీ నమ్మేది కాదు. కరోనా రోజుల్లో అందరం మాస్కులేసుకుని తిరుగుతుంటే నేను ఎదురుపడి, "నమస్తే మేడం, ముత్యాన్ని" అనేవాణ్ణి.

"నమ్మను. కళ్లు చూపించు."

చూపించేవాణ్ణి. వంగి చూసి, "ఆ, ఈ వెధవే" అనుకుంటూ వెళ్లిపోయేది.

ఆవిడది కాకినాడ వైపు. సూరత్‌లో ఒక కంటి ఆస్పత్రి ల్యాబులో రెటీనా మీద పరిశోధన. రెటీనా అంటే కంటి లోపలి తెర. అమ్మానాన్నల నుంచి ఏ లోపం దిగితే ఆ తెర పాడవుతుంది, పాడవకుండా ఎలా ఆపాలి అన్నది ఆవిడ పని. కరోనాకి ఆ ల్యాబు మూతపడింది. కొన్నాళ్లకు మగ్గాలు తెరుచుకున్నాయి గానీ ల్యాబు తెరుచుకోలేదు. అంత పెద్ద అనుమానానికి ఇంట్లో కూర్చుంటే తోస్తుందా? వచ్చి మా మీద పడింది.

మాది సూరత్‌లోనే పర్వత్ పాటియాలో మగ్గాల మీద పనిచేసే తెలంగాణవాళ్ల చాల్. వరసగా గదులు, పైన అందరికీ కలిపి ఒక డాబా. ఆవిడ ఎదురు బిల్డింగు బాల్కనీలోంచి పొద్దస్తమానం మమ్మల్నే చూసేది. చూసి చూసి ఒకరోజు టార్చిలైటు పట్టుకుని దిగింది. మొదటి వేటు ముసలి ఎల్లవ్వ మీద.

"ఏవమ్మా, పెళ్లికి ముందు మీ ఆయన నీకేమవుతాడు?"

"ఏమైతడు? ఏం గాడు."

"నమ్మను. వాళ్లమ్మ ఎవరు?"

"మా అమ్మమ్మ."

మేడం కళ్లు మాస్కు దాటి బయటికొచ్చాయి. "అంటే సొంత మేనమామ! చుట్టం కాదన్నావేం?"

"మామ చుట్టమెట్లయితడు డాక్టరమ్మా? ఇంట్ల మనిషాయె!"

ఆ రోజు నుంచి ఏ గడప ముందు చూసినా అదే విచారణ. ఎవరికి ఎవరు బావ, ఎవరు మరదలు, ఎవరి తాత ఎవరికి మామ. చాల్ మొత్తానికి ఆవిడ మీద అనుమానం పుట్టింది. క్వారంటైన్‌కి జనాన్ని ఎత్తుకుపోవడానికే వచ్చిందని కొందరు. పెళ్లిళ్ల బ్రోకరని మగ్గం మీద పనిచేసే అంబదాస్. కళ్లలోకి టార్చి కొడితే కరోనా పురుగు కనబడుతుందని ఇంకో పుకారు. అది పుట్టించింది నేనే. చదువు ఎగ్గొట్టి, ఫోన్లో చూసి ఫోన్లు రిపేరు చేయడం నేర్చుకున్నవాణ్ణి. ఆ మాత్రం చేతగాదా?

అంతటితో ఊరుకోక ఆవిడ స్కూటర్ హెడ్‌లైటు మీద రెండు పెద్ద కళ్ల బొమ్మలు అంటించాను. ఆవిడ వచ్చింది. టార్చి తీసింది. స్కూటర్‌ని శ్రద్ధగా పరీక్ష చేసింది.

"ఎడమ కన్ను మెల్ల. ముత్యం, ఊడదీసి సరిగ్గా అంటించు."

"నేనే అని ఎట్ల తెలుసు మేడం?"

"ఈ వీధిలో ఇంత తీరిక ఇంకెవడికుంది?"

ఆ తర్వాత వారమే డాబా మీద కంటి పరీక్షలని చాటింపు. అందరూ రావాలట. మగ్గాల మేస్త్రి లింగమూర్తి మీసం దువ్వి, "కండ్లు బాగలేనోడు నా మగ్గం మీద ఎందుకు? అందర్నీ పంపుతా" అన్నాడు.

అది విని పరమేశ్ నా ఫోన్ల కొట్లోకి పరుగెత్తుకొచ్చాడు. పరమేశ్ లింగమూర్తికి మేనల్లుడు. అదే మగ్గాల మీద రాత్రి షిఫ్టు. లింగమూర్తి కూతురు లతతో పెళ్లి మాట అయింది.

"అరేయ్ ముత్యం, జర కాపాడురా. పొద్దుగూకితె నాకేం కానొస్తలేదు. చిన్నప్పటి సంది గిదే కథ, ఏడాది సంది మస్తు ఎక్కువైంది. మామకు తెలిస్తె మగ్గం పాయె, లత గూడ పాయె."

"మరి రాత్రి ఎట్ల నడుపుతున్నవ్?"

"లోపల లైట్లుంటయి గద. తొవ్వల అంబదాస్ భుజమ్మీద చెయ్యేసి పోత. దోస్తీ అనుకుంటరు."

ఇద్దరిదీ ఒకటే ఎత్తు. వాడి చొక్కా తొడుక్కున్నాను, వాడి టోపీ పెట్టుకున్నాను, మాస్కు కళ్లదాకా లాగాను. వరసలో నా వెనకే లింగమూర్తి. మేడం ముందు కూర్చుని గోడ మీది అక్షరాలన్నీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి గడగడా చదివేశాను.

"పేరు?"

"పరమేశ్."

మేడం చుక్కల మందు సీసా అందుకుంది. రెండు కళ్లలోనూ మందు వేసింది. కాసేపయ్యాక తలకి దీపం కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని లోపలికంటా చూసింది. ఆ తర్వాత వెనక ఉన్న లింగమూర్తికి వినబడకుండా నా చెవి దగ్గరకు వంగింది.

"చీకటి పడితే స్నేహితుడి భుజం పట్టుకుని నడిచేవాడి రెటీనా ఇంత శుభ్రంగా ఉంటుందా? నమ్మను. రేపు పొద్దున అసలువాణ్ణి మా ఇంటికి తీసుకురా, ముత్యం."

లేచాను. ఆ మందు దెబ్బకి ఎండ సూదుల్లా గుచ్చుతోంది, మెట్లు అలికేసినట్టున్నాయి. అంబదాస్ భుజం పట్టుకుని దిగాను. "నువ్వు గూడనా?" అన్నాడు వాడు.

మర్నాడు ఇద్దరం దొంగల్లా వెళ్లాం. తలుపు తెరిస్తే లోపల లత. దర్జాగా టీ తాగుతోంది. పరమేశ్ వెనక్కి తిరిగి పారిపోబోయాడు.

"ఏడికి బావా? కూసో. నీకు మాపటేళ కానరాదని నాకు చిన్నప్పటి సంది ఎరికే. మేడంకు చెప్పిందే నేను."

"మరి చాల్ మొత్తానికి పరీక్షలెందుకు?" అన్నాను.

"వీడొక్కణ్ణే పిలిస్తే ఊరంతా వీడి వంకే చూడదూ?" అంది మేడం. "అందుకని అందర్నీ అనుమానించాను. లేకపోతే ఎల్లవ్వ మొగుడు ఎవడైతే నాకేమిటయ్యా?"

ఇన్నాళ్లూ వీధిలో పెద్ద నాటకం ఆడుతున్నది నేనే అనుకున్నాను.

మేడం వాడి కళ్లు చాలాసేపు చూసింది. వాడి అమ్మానాన్నలదీ మేనరికమే. ఇద్దరిలోనూ దాక్కున్న ఒకే లోపం వీడిలో కలిసిందని ఆవిడ అనుమానం. ఏ లోపమో రక్తంలో వెతకాలంది.

"మందున్నదా మేడం?" అన్నాడు పరమేశ్.

"ఇవాళ లేదు. అబద్ధం చెప్పను. ఏ లోపమో తెలిస్తే, మందు దొరికిన రోజున నీ పేరు ముందుంటుంది."

"గిసోంటి దానికి మందు ఎన్నడు రాదంటరు గద?"

"ఎవరన్నారు? నేను నమ్మను."

ఆ మాట వినసొంపుగా ఉండటం నాకు అదే మొదటిసారి.

పరమేశే ధైర్యం చేసి మామకు చెప్పేశాడు. లింగమూర్తి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అయితే వాణ్ణి పగటి షిఫ్టుకు మార్చాడు. పెళ్లి దగ్గర మాత్రం మొండికేశాడు.

"రేపు పుట్టే పొల్లగాండ్లకు గిదే వస్తె ఎట్ల?"

"లతలోనూ అదే లోపం దాగుంటే భయపడాలి. లేకపోతే పిల్లలకి ఈ జబ్బు రాదు. చూద్దాం" అంది మేడం.

పరమేశ్‌దీ లతదీ రక్తం ఎక్కడికో దూరపు ల్యాబుకు వెళ్లింది. లత పైకి ధీమాగానే ఉంది గానీ టీలో ఉప్పు వేస్తోంది. కొన్ని నెలలకు జవాబొచ్చింది. మేడం నమ్మలేదు. మళ్లీ పంపింది, ఇంకో ల్యాబుకి. పరమేశ్ బక్కచిక్కాడు. లింగమూర్తి బాల్కనీ కింద నిలబడి దండం పెట్టాడు.

"జర నమ్ము తల్లీ, ఒక్కపారన్న!"

చివరికి ఒక పొద్దున ఆవిడ చాల్‌లోకి నడుచుకుంటూ వచ్చింది. టార్చిలైటు లేదు.

"లతలో ఆ లోపం లేదు."

లింగమూర్తి ఆవిడ కళ్లలోకి చూశాడు. "నువ్వు నమ్మినవా తల్లీ?"

"నమ్మాను."

ఆ మాట ఆవిడ నోట మేమెవరం ఎప్పుడూ వినలేదు. లింగమూర్తి "గంతే సాలు" అని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

సర్కారు రానిచ్చినంత మందితోనే డాబా మీద పెళ్లి. పట్టపగలు, నెత్తిన ఎండ మండుతుండగా అయ్యగారు కొత్త జంటను పందిరి బయటికి తీసుకొచ్చి ఆకాశం చూపించాడు. "అదిగో అరుంధతి నక్షత్రం. కనబడిందా నాయనా?"

మామూలుగా అందరూ కనబడిందనేస్తారు. పరమేశ్ అనలేక కళ్లు చిట్లించి వెతుకుతున్నాడు. రాత్రి చుక్కలు చూసి ఎన్నేళ్లయిందో వాడికి. నేను మాత్రం మేడం వైపు తిరిగి కాచుకుని ఉన్నాను. పగటిపూట నక్షత్రమట! ఇక చూడండి, అయ్యగారి పని అయిపోయింది.

మేడం చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "ఆ, ఆ, కనబడింది. అదిగో, ఆ నీళ్ల ట్యాంకు పైన" అంది.

"నమ్మను మేడం, చూపించండి!"

"నోర్ముయ్ వెధవా. మళ్లీ ఆ మందు వెయ్యమంటావా?"

పరమేశ్ పకపకా నవ్వాడు. లత చెయ్యి పట్టుకుని ట్యాంకు వైపు వేలు చూపించాడు. "అగో, కానొస్తలేదా?"

"కానొస్తున్నది బావా" అంది లత, ఎండకి రెండు కళ్లూ గట్టిగా మూసుకుని.