మా డ్రమ్మర్ ఆటోలో

ఈ రోజు మైలవరంలో ఒక చర్చి పెళ్లికి మా బ్యాండ్ వాయించింది. నాది బేస్ గిటార్. గిటారూ, దాని బరువైన స్పీకరూ నూజివీడు నుంచి దావీదు ఆటోలో తీసుకెళ్లాను. పోయిన నెల దాకా దావీదు మా డ్రమ్మర్. కీబోర్డులోనే డ్రమ్స్ వస్తున్నాయి కదా అని మావాళ్లు అతన్ని మానిపించారు. ఆ మాట అన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు.

"లోపలికి రారా, భోంచేద్దువుగాని," అన్నాను పెళ్లి హాలు ముందు దిగుతూ.

"వద్దులే అన్నా, ఇక్కడ నీడగానే ఉంది."

పన్నెండేళ్లు పెద్ద డ్రమ్ము పెడల్ తొక్కే అతని కాలు చూసుకుంటూ, దాన్నిబట్టే తాళం పట్టుకుని వాయించాను. ఈ రోజు స్టేజీ మీద అటు తిరిగితే ఎయిర్ కూలర్ ఉంది. బాధేమీ అనిపించలేదు. చప్పట్లు కొట్టారు. బిర్యానీ తిన్నాను, రుచి తెలియలేదు.

తిరిగి వస్తుంటే, మామిడి తోటల మధ్య, దావీదు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"మూడో పాటలో తాళం కంటే ముందుకెళ్లిపోయావేంటన్నా?"

హాలు నిండా జనం. ఒక్కరికీ తెలియలేదు. బయట ఆటోలో కూర్చున్నవాడికి తెలిసింది.

"అవున్రా," అన్నాను. ఇంకేదో అనాల్సింది. ఇల్లు చేరేదాకా వెతికినా మాట దొరకలేదు. మీరైతే ఏమనేవారు?