టేకు బల్ల, కింద జంపఖానా

ఆ కరోనా రోజుల్లో మనం ఆఫీసుకు పోవడం మానేస్తే, ఆఫీసే మన ఇంటికి రావడం మొదలుపెట్టింది. వరంగల్‌లో మా రెండు గదుల ఇంటికి నా తొలి ఉద్యోగం కూడా అలాగే వచ్చి, నా మంచం మీదే తిష్ఠ వేసింది. వీడియో కాల్‌లో నా వెనక తలగడలు చూసీ చూసీ విసిగిన మేనేజరు, "ఇంకోసారి మంచం కనిపిస్తే నీ ఉద్యోగం పర్మినెంట్ కావడం కష్టం" అనేశాడు. దాంతో కంప్యూటర్ టేబుల్ వేటలో పడ్డాను.

అమ్మ వెంటనే ములుగు నుంచి చిన్నాయనను పిలిపించింది. అడవి దగ్గర ఉండేవాడు కాబట్టి కర్ర సంగతి ఆయనకే తెలుసని మా ఇంట్లో గట్టి నమ్మకం (ఆయన నడిపేది కిరాణా కొట్టు). షాపతను "అసలు టేకే సార్" అంటుండగానే చిన్నాయన తాళంచెవి తీసి బల్ల అడుగున గీకాడు. రంపపు పొట్టు రాలింది. "గిది టేకా? పొట్టు ముద్దకు టేకు ఫొటో అంటిచ్చిండ్రు!" అన్నాడు. అలా బజారంతా గీకుతూ పోయాం. మమ్మల్ని దూరం నుంచే చూసి ఒకాయన షట్టర్ దించుకున్నాడు.

చివరికి కూల్చిన ఇళ్ల కర్ర అమ్మేచోట పాత టేకు తలుపులు దొరికాయి. వడ్రంగి వాటితో చేసిన బల్లను నలుగురం మోయలేక మోసి ఇంట్లో దించాం. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది (గడప దగ్గర, బల్ల మీద కాదు). నేను గర్వంగా ల్యాప్‌టాప్ తెచ్చాను.

"ఏడ పెడ్తానవ్ రా అది?"

"బల్ల మీదనే అమ్మా."

"గీతలు పడ్తయ్ బిడ్డా! గంత మంచి టేకు. జర కింద కూసో" అంటూ, తను మగ్గం మీద నేసిన జంపఖానా పరిచింది.

మర్నాడు కాల్‌లో నేను నేల మీద, నా వెనక నిగనిగలాడుతూ బల్ల.

"అదేంటి?" అన్నాడు మేనేజరు.

"టేబుల్ సార్."

"మరి నువ్వు కిందెందుకున్నావ్?"

నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. అంతలో అమ్మ కెమెరాలోకి వంగి, "సారూ, మంచమైతే కనవడ్తలేదు గదా! గది అసల్ టేకు. గీత పడితె పోతదా?" అంది. మేనేజరు తన కెమెరా కొంచెం కిందికి వంచాడు. ఆయనా చాప మీదే ఉన్నాడు. "మా అమ్మ కొత్త సోఫా కవర్ ఇంకా విప్పనీయలేదు" అన్నాడు మెల్లగా. నా ఉద్యోగం జంపఖానా మీదే పర్మినెంట్ అయింది.

ఆ బల్ల ఇప్పటికీ కొత్తగానే ఉంది, నా నెత్తే పలచబడింది. మొన్న మా పాప దాని మీద రంగు పెన్సిళ్లు పెట్టబోతే, "గీతలు పడ్తయ్ బిడ్డా, జర కింద కూసో!" అని కేక వినిపించింది. అమ్మే అనుకుని వెనక్కి చూశాను. అమ్మేమో చుట్టాల పెళ్లికని డోర్నకల్ వెళ్లి ఉంది. ఆ కేక నాదే. నవ్వుకుంటూ జంపఖానా పరిచాను.