బాబాయి టేపు, నర్సమ్మ కుక్కలు

మా బాబాయి కొలవనిదే ఏదీ నమ్మడు. పురపాలక సంఘంలో ఇళ్ళ ప్లాన్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఆఫీసు టేపు ఆఫీసులో పెట్టి, సొంత టేపు జేబులో వేసుకుని ఇంటికొస్తాడు. నేను పుట్టినప్పుడు అందరూ ఎవరి పోలికా అని చూస్తుంటే, ఈయన నా పొడుగు కొలిచి, "ఆసుపత్రివాళ్ళు పావంగుళం ఎక్కువ రాశారు" అన్నాడట.

పిన్నికిది ప్రాణసంకటం. "మంచం ఇంకాస్త ఇటు జరపండి" అంటే, "ఇంకాస్త అంటే ఎంత?" అని నిలబడిపోతాడు.

అలాంటివాడి చేతికి నర్సమ్మ కేసు వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, ఎవరికీ అక్కర్లేని ముసలి కుక్కలు పన్నెండింటిని పెరట్లో షెడ్డు వేసి సాకుతోంది. ఇళ్ళ మధ్య జంతువుల్ని ఉంచే చోటు పక్కింటి గోడకు ముప్ఫై అడుగుల దూరంలో ఉండాలని మా ఊరి నిబంధన. బాబాయి కొలిచి ఇరవై రెండని రాశాడు. షెడ్డు తీసెయ్యమని నోటీసు వెళ్ళింది.

"ఇంకో ఎనిమిది రాస్తే మీ చెయ్యి అరిగిపోయేదా?" అంది పిన్ని.

"టేపు ఇరవై రెండంటుంటే నేనేం చెయ్యను?"

"మరి ఆ కుక్కలెక్కడికి పోతాయి?"

మర్నాటి నుంచి బాబాయి ఆఫీసు కాగానే ఊరి మీద పడ్డాడు. ఓ రోజు నర్సమ్మ నన్ను ఆపి, "మీ బాబాయి నిన్న కుక్కల్ని కూడా కొలిచాడు నాయనా. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అంతలో ఊళ్ళ నిబంధనలు సమీక్షించడానికి శాసనసభ కమిటీ వచ్చి, మా పురపాలక సంఘం హాల్లో కూర్చుంది. వాళ్ళు ముప్ఫై అడుగులే ఖాయం చేస్తే షెడ్డు పోయినట్టే. నేనూ పిన్నీ వెనక వరసలో కూర్చున్నాం. బాబాయి లేచాడు.

"జంతువులున్న ఇళ్ళు నాలుగొందల పన్నెండు కొలిచానండీ. నిబంధనకు సరిపోయినవి మూడు. ఈ పక్క రికార్డు గదిలో ఆఫీసు పిల్లి ఉంటుంది. దానికీ పక్కింటి గోడకీ నాలుగడుగులు. ముందు మనమే ఖాళీ చెయ్యాలి."

హాలంతా నవ్వింది. "అయితే ఏం చెయ్యమంటారు?" అంది కమిటీ అధ్యక్షురాలు.

"గోడ సంగతి వదిలేసి, జంతువుకు చోటెంతుందో చూడండి" అని ఓ కాగితం ఇచ్చాడు. పడుకోవడానికెంత, వెనక్కి తిరగడానికెంత, నీళ్ళ గిన్నెకెంత, అన్నీ అంగుళాలతో సహా ఉన్నాయి. ఆవిడ చదువుతూ ఒకచోట ఆగింది.

"ప్రతి కుక్కకీ వెనకాల అడుగున్నర అదనంగా వేశారేమిటి?"

"తోకకండీ. మనిషి కనబడితే ఊపుకోవాలి గదా."

నాకు ఆయన్ని అక్కడే కావలించుకోవాలనిపించింది. పిన్ని అయితే ముక్కు ఎగబీలుస్తూ, "ఇంత ఉందా ఈయన కడుపులో" అని గొణుక్కుంది.

ముప్ఫై అడుగుల నిబంధన పోయింది, షెడ్డు నిలిచింది. కొత్త నిబంధనలో తోకకీ చోటిచ్చారు. బాబాయికి మాత్రం తృప్తి లేదు. అచ్చులో 'సుమారు అడుగున్నర' అని పడిందట. సుమారు అంటే ఎంతో చెప్పమని కమిటీకి ఉత్తరం రాస్తున్నాడు.