కుడి పైపు, ఎడమ పైపు

నా చిన్నప్పుడు మా ఇబ్రహీంపట్నంలో ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మా గల్లీ పిల్లలకు తిండి ధ్యాస ఉండేది కాదు. ఇప్పుడు బొంగులూరు దాకా వెంచర్ల బోర్డులే గానీ, అప్పట్లో మా ఇంటి వెనక ఏటవాలు బండ ఒకటి ఖాళీగా పడి ఉండేది. దాని అడుగున ఎవరో ఇల్లు మొదలుపెట్టి, నున్నగా గచ్చు చేయించి, మధ్యలోనే వదిలేసి పోయారు. ఆ బండ, ఆ గచ్చు మాకు దొరికిన ఆస్తి. మా కార్ల పందేలన్నీ అక్కడే.

కార్లంటే అరచేతిలో ఇమిడే బొమ్మకార్లు. పోతపోసిన లోహంతో చేసినవి, చూడ్డానికి చిన్నవైనా చేతిలో పెడితే బరువు తెలిసేది. ఇంటికి ఒకటి ఉంటే గొప్ప. పక్క గల్లీలో బోరు బండి ఉన్నవాళ్ళ అబ్బాయి ఉండేవాడు. వాళ్ళింట్లో మిగిలిపోయిన ప్లాస్టిక్ పైపులను నిలువుగా రెండుగా కోయించి తెచ్చేవాడు. వాటిని బండ పైనుంచి గచ్చు దాకా పక్కపక్కనే రెండు వరుసలుగా పరిచేవాళ్ళం. ఇద్దరు చెరో పైపులో బండి పెడితే, ముందు అడ్డంగా పట్టిన కర్రను ఇంకొకరు గబుక్కున లేపేవారు. ఏది ముందు దిగిందో కళ్ళకు అందేది కాదు, కొట్లాటలయ్యేవి. అందుకే గచ్చు మీద ఎవరి బండి ఎక్కువ దూరం పోయి ఆగితే వాళ్ళదే గెలుపని పెట్టుకున్నాం. జానలతో, వేళ్ళతో కొలుచుకునేవాళ్ళం.

నాకు పసుపు బండి ఒకటి ఉండేది. మా తమ్ముడికి ఎర్రది. పట్నం నుంచి మేనమామ తెచ్చాడని దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. ఆ సెలవుల్లో వాడు యాచారంలో అమ్మమ్మ దగ్గరికి పోతూ, "నేనొచ్చేదాక నా బండి ముట్టకు" అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. అమ్మతోడు ముట్టనన్నాను. మూడో రోజుకే ముట్టాను. ముట్టడమే కాదు, పందెంలో పెట్టి బోరు బండి అబ్బాయికి ఓడిపోయాను.

ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. బడి తెరిచే ముందు తమ్ముడు వస్తాడు. దిండు కింద చెయ్యి పెడతాడు. ఆ అబ్బాయి మరీ చెడ్డవాడేం కాదు. నా పసుపు బండి వాడి ఆకుపచ్చ బండిని దాటిన రోజు ఎర్రది తిరిగి ఇస్తానన్నాడు. అప్పటిదాకా ఓడిన ప్రతిరోజూ పైపులన్నీ నేనే మోసి వాళ్ళింటికి చేర్చాలన్నాడు. సరేనన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం, అప్పుడూ ఇప్పుడూ.

ఇక నా బండిని నేను పెట్టిన హింస అంతా ఇంతా కాదు. ఇరుసులకు కొబ్బరి నూనె పోశాను. మా ఊరి దుమ్ము ఊరుకుంటుందా, ఆ జిడ్డుకు పట్టుకుని చక్రాలు ఉన్న పరుగు కూడా మానేశాయి. నూనె కడిగేసి పెన్సిల్ ములుకు నూరి ఆ పొడి వేశాను. అది కొంత పనిచేసింది. అడుగున మైనంతో సీసం ముక్కలు అంటించాను. ఎన్ని చేసినా రోజూ రెండు జానలు, మూడు జానలు వెనకే. పైపు మీద అనుమానం రాలేదా అంటే, రానివ్వలేదు. ఆడలేక మద్దెల ఓడు అనడం మా అమ్మకు ఊతపదం. పరీక్షలో మార్కులు తగ్గినా, రొట్టె మాడినా ఆ సామెతే. అది విని విని, తప్పు ఎక్కడున్నా నాలోనే వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది.

పక్కింటి తాత అవుసుల పని, అంటే బంగారు నగల పని, చేసేవాడు. వరండాలో కుంపటి ముందు పొద్దంతా వంగి కూర్చునేవాడు. మనిషి కోపిష్టి. ఇరుసు రాసుకోవడానికి సన్నటి ఆకురాయి కావాలని ఒక మధ్యాహ్నం ఆయన దగ్గరికి పోయాను. ఎవరో ఒకామె కమ్మలు అమ్మడానికి వచ్చింది. తాత కమ్మలను తక్కెడ ఎడమ తట్టలో వేసి, కుడి తట్టలో గురిగింజలు వేసి తూచాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన మళ్ళీ కమ్మలను కుడి తట్టలోకి, గింజలను ఎడమ తట్టలోకి మార్చి రెండోసారి తూచాడు. ఆమె వెళ్ళాక, ఒకసారి తూస్తే చాలదా అని అడిగాను.

"తక్కెడ నాదే బిడ్డా. నాదని నమ్మితే ఎట్ల? గీ దిక్కు తూచి, గా దిక్కు తూచి, రెండు ఒక్కటైతేనే మాట ఖరారు" అన్నాడు.

ఆకురాయి సంగతే మరిచిపోయి బండ దగ్గరికి పరుగెత్తాను. పైపులు మోసి మోసి నాకు ఆ బండ మీద ప్రతి గుంటా తెలుసు. ఎడమ పక్కన చిన్న మిట్ట ఒకటి ఉంది. దాని మీదికి వచ్చేసరికి పైపుల అతుకు కొంచెం లేచి నిలబడుతుంది. అక్కడ చక్రం తట్టుకుని బండి ఊపు తగ్గుతుంది. పైపులు బోరు బండి వాళ్ళవి కాబట్టి కుడి పక్క ఎప్పుడూ ఆ అబ్బాయిదే. ఆ సెలవుల్లో నేను పందెం కట్టిందల్లా ఎడమ నుంచే. నాకు మద్దెల ఓటిదని తెలిసిపోయింది.

ఇప్పుడు చెప్పేది చెప్పుకోవడానికి ఇష్టం లేని సంగతి. మర్నాడు నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ముందే పోయి కుడి పైపు దగ్గర కూర్చుని, ఈ రోజు నేను ఇటు అన్నాను. "ఏ దిక్కైతేంది, నా బండి నా బండే" అని నవ్వాడు ఆ అబ్బాయి, పాపం. రెండు జానలు ముందు ఆగింది నా పసుపు బండి. వాడు నోరు తెరుచుకుని చూస్తుండగానే ఎర్ర బండి గుంజుకుని తాత దగ్గరికి పరుగెత్తాను. దిక్కు మార్చాను, గెలిచానని ఎగిరి గంతేశాను.

తాత తలెత్తకుండా ఊదుగొట్టంతో కుంపటి ఊదుకుంటూ, "మల్ల మార్చినవా?" అన్నాడు.

అంతే. నేను మాత్రం నిలుచున్నచోటే నీరుగారిపోయాను. ఆయన రెండుసార్లు తూచేది ఎదుటివాళ్ళ కోసం, నేను ఒక్కసారి తూచింది నా కోసం. నిన్నటిదాకా వాడు తెలియక చేసిందాన్ని ఇవాళ నేను తెలిసి చేశాను.

తెల్లారి పోయి ఎర్ర బండిని గచ్చు మీద పెట్టాను. నిన్నటిది లెక్కలో లేదని, ఒక్కో బండి రెండు పైపుల్లోనూ దిగాలని, మొత్తం మీద ఎవరు ముందుంటే వాళ్ళదే గెలుపని చెప్పాను. మిట్ట కూడా చూపించాను. "గెలిచినంక మల్ల పందెమేంది, నీకేమన్న పిచ్చా?" అన్నారు పిల్లలు. అతుకు కింద రాళ్ళు పెట్టి సరిచేయాలని చూశాం గానీ ఎంతో కొంత తేడా మిగిలే ఉంది. కుడి నుంచి రెండు జానలతో గెలిచాను. ఎడమ నుంచి రెండు జానల నాలుగు వేళ్ళతో ఓడిపోయాను. నాలుగు వేళ్ళు తక్కువ. ఎర్ర బండిని నా చేత్తోనే మళ్ళీ వాడికి ఇచ్చాను. వాడు తీసుకోవడానికి కాస్త జంకాడు, కానీ తీసుకున్నాడు.

తాత ముందు కూర్చుని ఏడ్చాను. ఓదారుస్తాడనుకుంటే, ఎంత తక్కువని అడిగాడు. నాలుగు వేళ్ళని చూపించాను. "ఇన్ని దినాలు ఎంత తక్కువనో తెల్వకనే సచ్చినవ్. ఇప్పుడు తెలిసె గద. ఏడుపెందుకు, పని సూడు" అని ఆకురాయి నా ఒళ్ళో పడేశాడు.

తమ్ముడు రావడానికి పది రోజులుంది. నాలుగు వేళ్ళ కోసం మొదలుపెట్టిన పని అక్కడ ఆగలేదు. మొండితనం కదా, ఎడమ పైపు నుంచి కూడా గెలిచి తీరాలనిపించింది. ఒక రోజుకు ఒక్కటే మార్పు చేయాలని పెట్టుకున్నాను. ముందు ఇరుసులను జుట్టంత సన్నంగా రాసి గరుకు తీశాను. తాత అద్దం పలక ఇస్తే దాని మీద దొర్లించి, ముందు చక్రం ఒకటి వంకర తిరుగుతోందని పట్టుకున్నాను. దాన్ని సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. సీసాన్ని వెనక చక్రాల దగ్గరికి జరిపాను. ఏ మార్పు చేసినా రెండు పైపుల్లోనూ వదిలి, బండి ఆగిన చోట గచ్చు మీద బొగ్గుతో గీత గీసేదాన్ని. ఒకరోజు గీత ముందుకు జరిగేది, ఒకరోజు వెనక్కి. వెనక్కి జరిగితే ఆ మార్పు తీసేసి మొదటికి వచ్చేదాన్ని. వేళ్ళ చివర్లు నల్లగా అయిపోయి, అన్నం కలుపుకుంటుంటే అమ్మ తిట్టేది.

తొమ్మిదో రోజు పందెం కట్టాను. కుడి నుంచి నాలుగు జానలు. ఎడమకు మారే ముందు వాడే, ఇంకెందుకు, నీదే అన్నాడు. లేదు, దించాల్సిందేనన్నాను. మిట్ట దగ్గర బండి ఒకసారి తట్టుకుంది. గచ్చు మీదికి దిగి పోతూ పోతూ, వాడి బండి కన్నా మూడు వేళ్ళు ముందు ఆగింది. ఎర్ర బండిని వాడు తన చొక్కాకు తుడిచి మరీ ఇచ్చాడు.

మర్నాడు యాచారం బస్సులో తమ్ముడు దిగాడు. బండిని దిండు కింద పెట్టి ఊరుకోవచ్చు. కానీ ఒట్టు తప్పిన దగ్గర నుంచి మొత్తం చెప్పేశాను. వాడు బండిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, దాన్ని తీసుకుని బయటికి పోయాడు. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని, నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఏ దిక్కు గెలిచినవక్కా?"

"రెండు దిక్కుల."

అప్పుడు తలూపి, బండిని జేబులో వేసుకున్నాడు.

నాకు యాభై దాటాయి. ఓడినప్పుడు పైపును అనుమానించడం పెద్ద విద్యేం కాదు, ఎవరైనా చేస్తారు. గెలిచినప్పుడు దాన్ని అనుమానించడమే కష్టం. ఉద్యోగంలో నాతోటివాళ్ళ కన్నా ముందు నాకు పెద్ద కుర్చీ వచ్చిన రోజు ఇంటికి మిఠాయి తెచ్చాను గానీ, నేను కుడి పైపులో ఉన్నానేమోనని రెండోసారి తూచి చూసుకోలేదు. తమ్ముడు ఫోన్ చేసి మెచ్చుకుంటుంటే మాట మార్చేశాను. ఏ దిక్కు గెలిచినవక్కా అని వాడు మళ్ళీ అడుగుతాడేమోనని ఇప్పటికీ నాకు భయమే.