పొలంలో వన్స్ మోర్

మా పక్కింటాయన పామర్రు నుంచి బెజవాడ దాకా పేరు మోసిన పద్యనాటక నటుడు. ఆయన రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని కేకలేసి, అదే పద్యం మళ్లీ పాడించుకునేవారు. నాకు మాత్రం ఆయన లుంగీ, బనీనుతో వరండాలో కూర్చుని చెక్క రెక్కలకు జిగురు పూసే మనిషి. రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానాలంటే మా ఇద్దరికీ పిచ్చి.

తొంభైల్లో కోతలయ్యాక ఆదివారాలు నా స్కూటర్ మీద ఉయ్యూరు వైపు పొలాల్లోకి వెళ్లేవాళ్లం. విమానం కూలితే, ఆయన్ని గుర్తుపట్టిన రైతులు పరిగెత్తుకొచ్చేవారు.

"మీరుండండి గురువుగారూ, మేం తెస్తాం."

"వద్దు బాబూ. కూల్చింది నేను, ఏరుకోవాల్సిందీ నేనే."

ముక్కలన్నీ ఏరి, మట్టి తుడిచి, తనలో తానే "వన్స్ మోర్" అనుకునేవారు. వచ్చే ఆదివారానికి అదే విమానం మళ్లీ గాల్లో ఉండేది.

కొన్నేళ్లకు ఆయన గొంతుకు ఆపరేషనైంది. ఇక పాడలేరని అందరూ అన్నారు. ఆయన వినలేదు. పామర్రులో మళ్లీ వేషం కట్టారు. నేను ముందు వరసలో కూర్చున్నాను. రాగం పైకెత్తిన చోట గొంతు జీరబోయి ఆగిపోయింది. హార్మోనియం కూడా ఆగింది. ఎవరో జాలిగా చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పట్లు వింటే నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచాను.

"బుద్ధుందా అండీ మీకు?" అన్నాడు పక్క కుర్చీ ఆయన.

వేదిక మీద ఆయన నన్ను చూసి నవ్వారు. కిరీటం సర్దుకుని, హార్మోనియం వైపు సైగ చేసి, పద్యం మొదటినుంచి ఎత్తుకున్నారు.